ఏ గోడకు పెడతారు?



ఉప్పల్‌లో కొత్త ఇంట్లో చేరిన ఒక సోదరుడు జుమా నమాజు తర్వాత మమ్మల్ని ఒక విషయం అడిగారు. నాచారంలో ఫ్రేములు కట్టే దుకాణంలో ఆయన పెద్ద చిత్రం ఒకటి చూశారట. అందులో మనిషి లేడు, పక్షి లేదు. నీలం, పసుపు రంగులే. "ఆర్కైవల్ ప్రింటు సార్, ఏళ్ల తరబడి రంగు పోదు" అన్నాడట దుకాణదారుడు. కొనవచ్చా?

ప్రాణుల చిత్రాల గురించిన హెచ్చరికలు మన పాఠకులకు తెలిసినవే. చిత్రాలు గీసి బతికే ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) నోట ఆ హెచ్చరిక విని పాలిపోయాడు. అప్పుడాయన, చెట్లూ ప్రాణంలేని వస్తువులూ గీసుకోమని అతనికి దారి చూపారు (బుఖారీ). కనుక రంగులు మాత్రమే ఉన్న చిత్రం ఇంట్లో పెట్టుకోవడం ధర్మసమ్మతమే. ఆధారం లేకుండా దేన్నీ హరామ్ అనకూడదు.

అయితే మేము "ఏ గోడకు పెడతారు?" అని అడిగాము. హాల్లో పడమటి గోడకట! ఇంట్లో ఆడవాళ్లు నమాజు చేసేది ఆ గోడ వైపు తిరిగే.

దైవప్రవక్త (సల్లం) ఒకసారి అంచుల్లో డిజైన్లున్న దుప్పటి కప్పుకొని నమాజు చేశారు. ముగియగానే, అది తమ ధ్యానాన్ని మరల్చిందని చెప్పి, దాన్ని అబూ జహమ్ (రజి) గారికి పంపేసి, ఆయన దగ్గరున్న సాదా దుప్పటి తెమ్మన్నారు (బుఖారీ, ముస్లిం). ఆ దుప్పటి ఆయన ఇచ్చిన కానుకే. కానుక తిప్పి పంపితే మనసు నొచ్చుకుంటుందని బదులు మరొకటి అడిగారని పండితులు వివరించారు. దాని మీద ప్రాణుల బొమ్మలున్నాయని హదీసులో లేదు. అంతటి మహనీయులే ఇంత జాగ్రత్త పడితే, సజ్దాలో కరెంటు బిల్లు గుర్తొచ్చే మన సంగతేమిటి?

ఇక ధర. ఆమ్లం లేని కాగితం, తొందరగా వెలవని పిగ్మెంటు సిరా వాడతారు గనుక ఇలాంటి ప్రింటు ఖరీదైనది. మామూలు కాగితం మీద అచ్చువేసి ఆ పేరు చెప్పి అమ్మితే అది మోసం. ధాన్యం రాశిలో చేయిపెట్టి, అడుగున తడి చూసి, దైవప్రవక్త (సల్లం) ఆ వర్తకుణ్ణి మందలించిన సంగతి దుకాణదారులు గుర్తుంచుకోవాలి. కొనేవారు కూడా కాగితమేదో, సిరా ఏదో రసీదు మీద రాయించుకోవాలి.

మాటల్లో మాటగా, ఇంటికోసం బావమరిది దగ్గర తెచ్చిన అప్పు ఇంకా ఉందని ఆ సోదరుడే చెప్పారు. గడువు కూడా దాటిందట. అసలు ప్రశ్న అదేనని మాకనిపించింది. మూడు దీనార్ల అప్పుతో చనిపోయిన వ్యక్తికి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (సల్లం) ముందుకు రాలేదు. అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తనమీద వేసుకున్నాకే చేయించారు (బుఖారీ).

"ముందు బావమరిదికి ఇచ్చేయండి. తర్వాత కొని, తూర్పు గోడకు పెట్టుకోండి" అన్నాము.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తూర్పున కిటికీ ఉంది హజ్రత్" అన్నారు.

దక్షిణపు గోడ చూడమన్నాము.