ఎడం వేరు, వెలి వేరు

తెలుగులో 'అంటు' అనే మాట చిత్రమైనది. ఒక కొమ్మను మరో మొక్కకు కలిపి కడితే అది అంటు. మామిడి అంటు అంటాం, గులాబి అంటు అంటాం. తిన్న గిన్నెలు అంట్లు. ఒకరి నుంచి ఒకరికి సోకే జబ్బు అంటువ్యాధి. మనిషిని మనిషి తాకకూడదనే దురాచారం అంటరానితనం. తాకడం, అతుక్కోవడం అన్న ఒక్క అర్థం నుంచే ఇవన్నీ పుట్టాయి. తాకితే చెట్టుకు మంచి కాపు వస్తుంది. తాకితే జబ్బూ వస్తుంది. తాకితే మైలపడతామన్న భయమూ వస్తుంది. ఇన్ని సంగతులు ఒకే మాటలో ఒదిగి ఉన్నందువల్లనేమో, జబ్బుకు దూరంగా ఉండడానికీ మనిషిని దూరం పెట్టడానికీ మధ్య ఉన్న గీత మన మనసుల్లో తరచు చెరిగిపోతూ ఉంటుంది.

2020 మార్చిలో కరోనా విజృంభించినప్పుడు 'సామాజిక దూరం' పాటించమని ఊరూరా చాటారు. అదే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట మార్చి 'భౌతిక దూరం' అనడం మొదలుపెట్టింది. ఒళ్ళు దూరంగా ఉండాలి గాని మనుషులు ఒకరికొకరు దూరం కాకూడదని దాని ఉద్దేశం. ఎక్కడో జెనీవాలో కూర్చున్నవారికే ఆ సవరణ అవసరమని తోస్తే, ఊరికి ఒక చివర వాడ కట్టి శతాబ్దాల తరబడి సామాజిక దూరాన్ని పాటించిన మన దేశంలో అది ఇంకెంత అవసరం!

అలాగని ఎడం అక్కర్లేదని వాదించడం తెలివితక్కువ. కరోనా మాటలోనూ దగ్గులోనూ ఊపిరిలోనూ గాలిలోకి చేరి, గాలి ఆడని గదుల్లో ఒకరి నుంచి ఒకరికి పాకింది. జ్వరం రాకముందే, తనకు జబ్బు ఉందని తెలియకముందే మనిషి దాన్ని పంచిపెట్టగలడు. అందుచేత 'నా ఒళ్ళు, నా ఇష్టం' అన్న మాట ఇక్కడ చెల్లదు. నేను ముక్కుకూ నోటికీ కట్టుకునే గుడ్డ నన్ను కొంత కాపాడుతుంది, ఎదుటివాణ్ణీ కొంత కాపాడుతుంది. జ్వరం వచ్చిననాడు పెళ్ళికి పోకుండా ఇంట్లో ఆగడం, కిటికీలు తెరిచి ఉంచడం, చేతులు కడుక్కోవడం, టీకా వేయించుకోవడం - ఇవి ఆరోగ్య సూత్రాలే కాదు, పొరుగువాడి పట్ల మన ధర్మం కూడా. ఎడం పాటించాలి. అందులో సందేహం లేదు. ప్రశ్నల్లా ఒకటే. ఎడం వెలిగా మారకుండా ఉండాలంటే ఏం చేయాలి?

నాకు తోచినంతవరకు ఎడానికి మూడు గుర్తులు ఉన్నాయి. మొదటిది, దానికి గడువు ఉంటుంది. మశూచి సోకితే మన పెద్దలు 'అమ్మవారు పోసింది' అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఆ మండ చూసి పైవాళ్ళు లోపలికి వచ్చేవారు కాదు. ఇంట్లో తాలింపు వేసేవారు కాదు. రోగిని తిట్టిపోసేవారూ కాదు. సాక్షాత్తూ తల్లి వచ్చి ఒంటిమీద కూచుందని భయభక్తులతో చూసుకునేవారు. తగ్గాక వేపాకు వేసిన నీళ్ళు పోసేవారు. దానితో అతను మళ్ళీ నలుగురిలో మనిషి. వేపమండ మశూచిని నయం చేయలేదు. ఆ నమ్మకంతోనే టీకాను కాదన్న ఇళ్ళూ ఉన్నాయి. మన దేశం నుంచి మశూచిని 1975 నాటికి తరిమింది టీకాయే. జబ్బుకు కారణం విషయంలో మన పూర్వులు పొరబడ్డారు, నిజమే. కాని దూరం ఎలా పెట్టాలో వాళ్ళకు తెలుసు. గౌరవం చెడకుండా, గడువు దాటకుండా పెట్టారు. వెలికి గడువు ఉండదు. తండ్రి వెలి కొడుక్కి వస్తుంది.

రెండో గుర్తు, ఎడం అందరికీ ఒకటే. జబ్బును చూసి పెట్టేదే గాని మనిషిని చూసి పెట్టేది కాదు. అయితే లోకం తీరు వేరు. జబ్బు వచ్చినప్పుడల్లా దానికి పక్కవాడి పేరు పెట్టడం మనిషికి అలవాటు. సిఫిలిస్‌ను ఇటలీవారు ఫ్రెంచి జబ్బన్నారు. 'భావప్రకాశం' అనే మన వైద్యగ్రంథం ఫిరంగ రోగమంది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా స్పెయిన్‌లో పుట్టిందన్న రుజువు లేకపోయినా, యుద్ధంలో చేరని ఆ దేశపు పత్రికలు దాపరికం లేకుండా రాసినందుకు స్పెయిన్ పేరే దానికి అంటుకుంది. వేరే భాషల మధ్య తరతరాలుగా బతుకుతున్న మనకు ఇది వింత సంగతి కాదు. ఊళ్ళోకి జబ్బు వచ్చిననాడు ముందుగా చూపులు పడేది బయటినుంచి వచ్చినవాడి మీదే గదా.

యు. ఆర్. అనంతమూర్తి 1965లో అచ్చువేసిన 'సంస్కార' నవల మనలో కన్నడం చదివేవారికి తెలిసిందే. ఆచారాలు వదిలేసిన నారణప్ప ప్లేగుతో చనిపోతాడు. అతని శవానికి సంస్కారం ఎవరు చేయాలన్నది తేలక అగ్రహారమంతా మల్లగుల్లాలు పడుతుంది. వాళ్ళ భయమంతా మైల గురించే. ఈలోపు ఇళ్ళలో ఎలుకలు చచ్చి పడుతూ ఉంటాయి. వాటి సంగతి ఎవరికీ పట్టదు. చివరకు చంద్రి ఒక ముస్లిం సాయంతో రాత్రివేళ శవాన్ని దహనం చేయిస్తుంది. ఇది కథే అనుకుందాం. 2020 ఏప్రిల్‌లో చెన్నైలో కరోనాతో చనిపోయిన ఒక డాక్టరు శవాన్ని పూడ్చనివ్వకుండా జనం రాళ్ళు రువ్వారు. తోటి డాక్టరు ఒకరు ఆసుపత్రి పనివాళ్ళ సాయంతో రాత్రివేళ గుంట పూడ్చి వచ్చారు. పూడ్చిన శవం ఊపిరి తీయదు, దగ్గదు. ఆ రాళ్ళు జబ్బు మీద రువ్వినవి కావు.

మూడో గుర్తు అన్నిటికంటె ముఖ్యం. ఎడానికి ఒక ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చు అందరూ పంచుకుంటే అది ఎడం. దూరంగా ఉన్నవాడి నెత్తినే పడేస్తే అది వెలి. అమెరికాలో మేరీ మేలన్ అనే వంటమనిషి ఉండేది. ఆమెకు ఏ జబ్బూ కనిపించదు. కాని ఆమె వండిన ఇళ్ళలో టైఫాయిడ్ వచ్చేది. 1907లో ఆమెను పట్టుకుని న్యూయార్కు దగ్గరి ఒక దీవిలో ఉంచారు. ఇక వంట చేయనని మాట తీసుకుని 1910లో వదిలారు. బట్టలుతికే పని చూపించారు గాని దానిలో వచ్చేది వంటపనికంటే తక్కువ. 1915లో ఆమె పేరు మార్చుకుని ఒక ప్రసూతి ఆసుపత్రిలో వంట చేస్తూ దొరికింది. అప్పటికి అక్కడ 25 మందికి టైఫాయిడ్ సోకింది, ఇద్దరు చనిపోయారు. ఆమెను మళ్ళీ దీవికి పంపారు. 1938లో చనిపోయేదాకా అక్కడే. ఆమె తప్పు లేదని నేననను. కాని వచ్చిన ఒకే విద్యను వదులుకోమని ఒక మనిషిని అడిగినప్పుడు, ఆ నష్టం ఆమె ఒక్కతే భరించాలా? ఆమె వంట మానితే మేలు కలిగేది ఊరందరికీ గదా!

2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రకటించి, అర్ధరాత్రి నుంచి దేశమంతా తలుపులు మూశారు. కూలీలను సొంతూళ్ళకు చేర్చే మొదటి ప్రత్యేక రైలు తెలంగాణలోని లింగంపల్లి నుంచి కదిలింది మే 1న. ఈ రెండు తేదీల మధ్య దారుల వెంట నడిచినవారు ఎందరో. తెలంగాణ మిరప చేలల్లో కూలికి వచ్చిన పన్నెండేళ్ళ గిరిజన బాలిక ఒకతె ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి నడుచుకుంటూ పోతూ, ఇల్లు ఇంకా చేరకముందే ప్రాణం విడిచింది. పరీక్ష చేస్తే కరోనా లేదని తేలింది.

ఎడంగా ఉండడానికి ముందు చోటంటూ ఉండాలి. ముంబయిలోని కామాఠీపురకు ఆ పేరు తెలుగు నేల నుంచి పోయిన కామాఠీ కూలీల వల్ల వచ్చింది. ఒక్క గదిలో ఎనిమిది మంది కాపురముండే అటువంటి చాళ్ళలో మనిషికీ మనిషికీ ఆరడుగుల ఎడం ఎక్కడినుంచి వస్తుంది?

దీనికి ఒక జవాబు వినిపిస్తుంది. 'ఇల్లు కాలుతున్నప్పుడు ఇవన్నీ ఆలోచిస్తూ కూచుంటామా? ముందు మంట ఆర్పాలి, మంచీచెడ్డా తర్వాత' అంటారు. తొందర అవసరమే, కాదనను. కాని వెలి వేస్తే మంట ఆరదు. 1897లో పుణేలో ప్లేగు అణచడానికి సోల్జర్లు ఇళ్ళలో చొరబడి సోదాలు చేశారు. రోగులను లాక్కుపోయారు. జనం ఏం చేశారు? రోగులను దాచారు. ఆ కోపం ఎంతదాకా పోయిందంటే జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌ను కాల్చారు. అదే ఊళ్ళో అదే ఏడాది సావిత్రీబాయి ఫూలే ప్లేగు రోగులకు సేవ చేస్తూ, తనకూ అది సోకి మార్చి 10న కన్నుమూసింది. వెలికి భయపడినవాడు జబ్బును దాస్తాడు. దాచిన జబ్బు వాడంతా పాకుతుంది. తనకు అన్నం పెట్టేవారు ఉన్నారని, తగ్గాక తన పని తనకు ఉంటుందని నమ్మినవాడు తానే ముందుకు వచ్చి జ్వరం ఉందని చెబుతాడు. కాబట్టి దయ అనేది జబ్బు తగ్గాక చూపించే సొగసు కాదు. జబ్బును ఆపే సాధనాల్లో అదీ ఒకటి.

మహమ్మారులు మళ్ళీ వస్తాయి. మన వీధిలో ఏదో ఒక ఇంటికి అడ్డంగా కర్ర కట్టవలసిన రోజు రావచ్చు. కట్టవలసి వస్తే కడదాం. కాని కట్టేముందు మూడు సంగతులు తేల్చుకుందాం. ఈ కర్ర ఎన్నాళ్ళకు తీస్తాం? మన ఇంట్లోనే జ్వరం వస్తే ఇదే కర్ర మన గుమ్మానికీ కడతామా? రేపు పొద్దున ఆ ఇంటికి పాలు ఎవరు పోస్తారు? మూడింటికీ జవాబు దొరికితే అది ఎడమే. దొరకకపోతే, మనం కడుతున్నది మన తాతలు కట్టిన పాత గోడే.