కొయ్య చెక్కితే తుపాకీ మారుతుందా?

మా ఇళ్లలో గొడ్డలి ఒక్కటే ఉంటుంది. దానితోనే కట్టెలు కొడతాం, దానితోనే పొదలు నరికి దారి చేసుకుంటాం. ఎవడైనా కోపంలో దాన్ని సాటిమనిషి మీదికి ఎత్తితే తప్పు గొడ్డలిది అనం, ఎత్తినవాడిది అంటాం. పెద్దలు మాకు నేర్పిన తీర్పు ఇది. ఈ తీర్పు తుపాకీకీ సరిపోతుందా? యుద్ధం కోసం చేసిన తుపాకులు వేట తుపాకులైన చరిత్ర చదివాక మాకీ సందేహం వచ్చింది.

1898లో జర్మనీ సైన్యం ఒక మౌజర్ రైఫిల్‌ను తీసుకుంది. దాని పిడిని ఎత్తి వెనక్కి లాగితే పేలిన తూటా గుల్ల బయట పడుతుంది. ముందుకు తోసి కిందికి వంచితే కొత్త తూటా ఎక్కి, తలుపుకు గడియ పడ్డట్టు బిగుస్తుంది. అందుకే ఈ రకాన్ని బోల్ట్ యాక్షన్ అంటారు. బ్రిటిష్‌వాళ్ల లీ ఎన్‌ఫీల్డ్, అమెరికావాళ్ల 1903 నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ కూడా ఈ తరహావే. రెండు ప్రపంచ యుద్ధాలు ముగిశాక ఇలాంటివి లక్షల్లో మిగిలాయి. కొత్త వేట తుపాకీ కొనలేని అమెరికా రైతులు, కార్మికులు వీటిని చవకగా కొన్నారు. గొట్టం పొడవునా ఉన్న కొయ్యను సగానికి కోశారు. బాయ్‌నెట్ తగిలించే కొక్కెం తీసేశారు. గొట్టం పొట్టి చేసి, కొయ్యకు నూనె పట్టించి మెరుగు పెట్టారు. ఈ పనికి స్పోర్టరైజ్ చేయడం అని పేరు. అంటే సిపాయి బట్టలు విప్పి షికారు బట్టలు తొడగడం.

తర్వాత దుర్భిణి వచ్చి చేరింది. 1855 నుంచే న్యూయార్క్ రాష్ట్రంలో విలియం మాల్కం తుపాకీ దుర్భిణులు చేసేవాడు. కాని 1930లలో వీవర్ అనే ఆయన చవకగా చేసి అమ్మాకే అవి మామూలు వేటగాళ్లకు అందాయి. సైన్యం తుపాకీకి దాన్ని బిగించడం తేలిక కాదు. పిడి ఎత్తితే దుర్భిణికి తగిలేది. అందుకని పిడిని కొలిమిలో కాల్చి కిందికి వంచేవాళ్లు.

ఈ రాకపోకలు ఒక వైపే సాగలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ సైన్యం వేటగాళ్ల దగ్గరున్న దుర్భిణి తుపాకులను పోగుచేసి కందకాలకు పంపింది. రెండో యుద్ధంలో అమెరికా సైన్యం, జింకల వేటకు అమ్మిన అదే వీవర్ దుర్భిణిని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు బిగించి, పొంచి ఉండి మనుషులను కాల్చే సిపాయిలకు ఇచ్చింది. 1963 నవంబర్ 22న అధ్యక్షుడు కెన్నెడీని చంపిన తుపాకీ ఇటలీ సైన్యం వాడి వదిలేసిన కార్కానో. దుర్భిణితో సహా సుమారు 21 డాలర్లకు టపాలో తెప్పించుకున్నది. 1968లో అమెరికా చట్టం తెచ్చి ఇలాంటి టపా అమ్మకాలకు అడ్డుకట్ట వేసింది.

మన దేశంలో కథ ఇంకో రకంగా నడిచింది. సైన్యం వాడే .303 తూటా జనం చేతికి రాకూడదని బ్రిటిష్ ప్రభుత్వం కట్టడి చేసింది. దాంతో లీ ఎన్‌ఫీల్డ్ యంత్రాంగానికే .315 తూటా అమర్చి వేట తుపాకీగా అమ్మారు. స్వాతంత్ర్యం వచ్చాకా ఇషాపూర్ ఫ్యాక్టరీ దాన్ని చేసింది. లైసెన్సు దొరలకు, జమీందారులకు. డప్పులు కొట్టి జంతువును వాళ్ల ముందుకు తోలే పని అడవి మనుషులది. 1922లో సీతారామరాజుతో కలిసి మా వాళ్లు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి తుపాకులు పట్టుకుపోతే అది రాజద్రోహమైంది. దొర చేతిలో తుపాకీ ఆట, మా చేతిలో నేరం. తుపాకీకి పేరు పెట్టేది దాని కొయ్య కాదు, అధికారమని మాకు అక్కడ అర్థమైంది.

ఇక్కడితో ఆపేస్తే నింద మొత్తం దొరల మీదికి నెట్టి మేము తప్పుకున్నట్టే. విల్లు పట్టినవాడు జంతువుకు దగ్గరగా వెళ్లాలి. గాలి ఎటు వీస్తుందో చూసుకోవాలి, దాని కన్ను చూడాలి. అది కడుపుతో ఉందో, పిల్లతో ఉందో అంత దగ్గరలో తెలుస్తుంది. నాటు తుపాకీ, నుదుటికి కట్టిన లైటు వచ్చాక మాలోనూ ఆ ఓపిక తగ్గింది. పొదలో కదిలింది అడవిపంది అనుకుని కాలిస్తే మనిషి కూలిన ఇళ్లు మా కొండల్లోనూ ఉన్నాయి. ఆ ఇంటి ముందు నిలబడి, తప్పు తుపాకీది కాదు అనగలమా?

అందుకే పెద్దల తీర్పుకు ఒక మాట చేర్చాలనిపిస్తోంది. గొడ్డలి ఎదుటివాడి ముఖాన్ని దాచదు. ఎత్తినవాడికి అది కనిపిస్తూనే ఉంటుంది, చెయ్యి ఆగే వీలు ఉంటుంది. దుర్భిణి దూరాన్ని దగ్గర చేసినట్టే ఉంటుంది గాని, గాజులో కనిపించే ఆ చిన్న గుండ్రం తప్ప చుట్టూ ఉన్నదంతా మరుగున పడుతుంది. ముఖాన్ని మరుగుపరిచే పనిముట్టు పట్టినవాడికి బాధ్యత తగ్గదు, పెరుగుతుంది.

గాయపడ్డ జంతువును వదిలి రాకూడదని, నెత్తుటి జాడ పట్టుకుని పోయి దాని బాధ తీర్చి రావాలని మా తాతలు చెప్పేవారు. కంటికి ఆనినంత దూరమూ కాళ్లతో నడిచి వెళ్లి, అక్కడ పడి ఉన్నది ఏమిటో చూసి, అది నా పనే అని ఒప్పుకోగలిగినవాడే గురి పెట్టాలి. కొయ్యను ఎంత నున్నగా చెక్కినా ఆ నడక తప్పదు.