ఒకే తూకపు రాయి



గత ఆదివారం రెండవ పూజ ముగిశాక నేను పూజ వస్త్రాలు మడతపెడుతుండగా యువజన సంఘం పిల్లలు ముగ్గురు వచ్చి సెల్‌ఫోన్ చూపించారు. ఇరవై సెకన్ల వీడియో. ఏదో ధర్నాలో ఒక పోలీసు ఒక కుర్రవాణ్ణి చొక్కా పట్టుకుని వ్యానులోకి తోస్తున్నాడు. అది ఏ ఊరో వారికి తెలియదు. ఏ సంవత్సరమో తెలియదు. "ఫాదర్‌గారూ, ఇంత అన్యాయమా? వచ్చే వారం ప్రసంగంలో మీరు దీన్ని ఖండించాలి" అన్నారు. అప్పటికే ముగ్గురూ దాన్ని తమ గ్రూపులన్నిటికీ పంపేశారు.

ఆ మాటలు విని గుమ్మం దగ్గర ఆగిపోయినవాడు ఒకడున్నాడు. మన విచారణలోనే పెరిగి కానిస్టేబులు అయినవాడు. పిల్లలు వెళ్లాక మెల్లగా అన్నాడు: "ఆ వీడియోలో ఉన్నదెవరో నాకు తెలియదు ఫాదర్‌గారూ. కాని ఇలాంటిది వచ్చిన ప్రతిసారీ మా అమ్మాయి బడి నుండి ఏడ్చుకుంటూ వస్తుంది. మీ నాన్న కూడా ఇంతేనా అని అడుగుతారట. అలాగని మావాళ్లు తప్పు చేయరని నేననను. చేస్తారు. నేను చూశాను."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లల కోపంలో న్యాయం ఉంది. కానిస్టేబులు బాధలోనూ న్యాయం ఉంది. మరి పౌరులను పోలీసులు ఈడ్చుకుపోతున్న దృశ్యం కంటబడినప్పుడు మనకు కలిగే కోపం ధర్మమైనదా, కాదా? దాన్ని తేల్చుకునేది ఎలా?

కోపమే పాపం అని నేను చెప్పబోవడం లేదు. 2015 ఫిబ్రవరి 5న ఢిల్లీలో జరిగినది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంతకుముందు డిసెంబరులో దిల్షాద్ గార్డెన్‌లోని పునీత సెబాస్టియన్ దేవాలయం కాలిపోయింది. ఫిబ్రవరి మొదట్లో వసంత్ కుంజ్‌లోని పునీత అల్ఫోన్సా దేవాలయం అపవిత్రం చేయబడింది. రక్షణ కల్పించండి అని అడగడానికి విశ్వాసులు తిరుహృదయ కథెడ్రల్ వద్ద సమావేశమయ్యారు. అక్కడి నుండి హోంమంత్రి నివాసానికి నడవాలనుకున్నారు. అనుమతి లేదని పోలీసులు అడ్డుకున్నారు. గురువులను, కన్యస్త్రీలను, స్త్రీపురుషులను బస్సులలోకి ఎక్కించి పోలీసు స్టేషన్లకు తరలించారు. ఆ దృశ్యాలు టీవీలోను, ఫేస్‌బుక్‌లోను చూసి మనం మండిపడ్డాం. చేతిలో ఆయుధం లేనివారిని అలా ఈడ్చినందుకు మండిపడటం తప్పు కాదు.

ఆగ్రహం మేలు చేసిన సందర్భాలూ ఉన్నాయి. 2012లో మహారాష్ట్రలో బంద్ మీద ఫేస్‌బుక్‌లో ఒక మాట రాసినందుకు ఒక యువతిని, ఆ మాట నచ్చిందని మీట నొక్కినందుకు మరొక యువతిని అరెస్టు చేశారు. దేశమంతా నిరసన వచ్చింది. ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2015 మార్చి 24న ఐటీ చట్టంలోని 66ఏ సెక్షనును కోర్టు కొట్టివేసింది.

అయితే కోపం రెండు రకాలని పునీత తోమాస్ అక్వినాస్ వివరించారు. వివేకానికి ముందు పరుగెత్తే కోపం ఒకటి, వివేకం తీర్పు చెప్పాక దానికి చేతులూ కాళ్లూ అయ్యే కోపం మరొకటి. అన్యాయం చూసి కూడా బొత్తిగా చలించకపోవడం లోపమేనని కూడా ఆయన అన్నారు. ఆయనకు గురుతుల్యుడైన అరిస్టాటిల్ ఇంకా తేటగా చెప్పాడు. కోపం తొందరపాటు నౌకరు వంటిదట. యజమాని మాట సగం విని పరుగెత్తుతాడు. తీరా చేసేది వేరే పని. మన ఇళ్లలో ముసలివాళ్లు దీన్నే ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు అంటారు. ఇప్పుడు ఆ గాట మన అరచేతిలోనే ఉంది.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. 2015 మార్చిలో పశ్చిమ బెంగాల్‌లోని రాణాఘాట్ కాన్వెంటులో వృద్ధురాలైన ఒక కన్యస్త్రీపై అఘాయిత్యం జరిగింది. ఢిల్లీ సంగతి మనసులో ఇంకా మండుతూనే ఉంది. ఆ ఆదివారమే బలిపీఠం ముందు నిలబడి, ఇది ఎవరి పనో మనకు తెలుసు అని ప్రసంగించాను. నిజానికి నాకేమీ తెలియదు. దోపిడీకి వచ్చిన ముఠా చేసిన ఘాతుకమని దర్యాప్తులో తేలింది. 2017 నవంబరులో కోలకతా కోర్టు దోషులకు శిక్ష వేసింది. ఆ వార్త చదివాను. దాన్ని మాత్రం ప్రసంగంలో చెప్పలేదు. నా మాట విని ఇంటికి వెళ్లిన వారిలో ఎందరు ఇరుగుపొరుగును అనుమానంతో చూశారో దేవునికే ఎరుక.

మరొకటి కూడా ఉంది. ఇది మన నేలమీద జరిగినది. 2019 నవంబరు చివర హైదరాబాదు శివార్లలో ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపారు. షాద్‌నగర్ పోలీసు స్టేషను ముందు వేలమంది చేరి నిందితులను తమకు అప్పగించమన్నారు. ఫోన్లలోనూ అదే కేక. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో మరణించారు. జనం పోలీసులపై పూలు చల్లారు. మా విచారణలో ఒక పెద్దమనిషి సంతోషంతో నా చేతిలో లడ్డూ పెట్టాడు. తిన్నాను. 2022లో జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక వెలువడింది. చంపాలన్న ఉద్దేశంతోనే వారిపై కాల్పులు జరిపారని, వారిలో ముగ్గురు ఆనాటికి మైనర్లని అది తేల్చింది. చనిపోయిన ఆ బిడ్డ పట్ల జరిగిన ఘోరం దీనివల్ల తగ్గదు. కాని కోర్టు మెట్లు ఎక్కకుండానే నలుగురు చనిపోతే నేను మిఠాయి తిన్నాను.

మనవాళ్లను బస్సులోకి ఈడ్చినప్పుడు చట్టం ఏమైంది అని అడిగిన నోరే, పరాయివాళ్లను కాల్చినప్పుడు లడ్డూ తిన్నది. తూచిన చెయ్యి ఒకటే, రాళ్లు రెండు. సంచిలో ఒక పెద్ద రాయి, ఒక చిన్న రాయి దాచుకోవద్దని ద్వితీయోపదేశకాండం కోమట్లకు మాత్రమే చెప్పలేదు. గుంపు వెంటబడి న్యాయం తప్పవద్దని, బీదవాడన్న కారణంతో బీదవాడి వైపు కూడా మొగ్గవద్దని నిర్గమకాండం 23వ అధ్యాయంలో ఉంది. కనుక అరెస్టు న్యాయమా కాదా అని తేల్చవలసింది ఎవరిని పట్టుకున్నారో చూసి కాదు. ఎందుకు, ఎలా పట్టుకున్నారో చూసి.

దీనికి మన చట్టంలోనే కొలతలున్నాయి. ప్రతి ఇంట్లోనూ పిల్లలకు నేర్పదగినవి. శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమిగూడే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. ప్రజాశాంతి కోసం తగుమాత్రపు ఆంక్షలకూ అదే చోటిచ్చింది. షాహీన్ బాగ్ వ్యాజ్యంలో 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు నిరసన హక్కును ఒప్పుకుంటూనే, నిరవధికంగా రోడ్డును ఆక్రమించడం తగదన్నది. అరెస్టయినవారికి కారణం చెప్పాలని, న్యాయవాదిని కలవనివ్వాలని, ప్రయాణ సమయం మినహా 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టాలని 22వ అధికరణం చెబుతుంది. 1996 నాటి డి.కె. బసు తీర్పు ప్రకారం అరెస్టు చేసే పోలీసు పేరు స్పష్టంగా కనబడాలి, సాక్షి సంతకంతో అరెస్టు పత్రం రాయాలి, బంధువుకో స్నేహితునికో తెలియజేయాలి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా, అసాధారణ పరిస్థితులలో తప్ప, సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు స్త్రీలను అరెస్టు చేయరాదంటుంది.

ఈ కొలతలతో చూస్తే ఒక్కోసారి పోలీసుదే తప్పని తేలుతుంది. అప్పుడు గట్టిగా మాట్లాడాలి, అది మన పార్టీ ప్రభుత్వమైనా సరే. ఒక్కోసారి రాళ్లు రువ్వినవానిదే తప్పని తేలుతుంది. అప్పుడు ఒప్పుకోవాలి, వాడు మన పిల్లవాడైనా సరే. గాంధీజీ చేసినది ఇదే. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషనుకు నిప్పుపెట్టి పోలీసులను చంపితే, తెల్లవారి దౌర్జన్యం ముందు ఇదెంత అనలేదు. దేశమంతటా ఉద్యమాన్ని ఆపేశారు. మరుసటి నెల అహమ్మదాబాదు కోర్టులో తనకు అత్యధిక శిక్ష వేయమని తానే అడిగి, ఆరేళ్ల జైలును స్వీకరించారు. చట్టాన్ని బహిరంగంగా ధిక్కరించేవాడు అరెస్టును అవమానంగా తలచడు. తనవారి తప్పును దాచడు. అందుకే ఆయన కోపానికి ఒక సామ్రాజ్యం జడిసింది.

"ఇవన్నీ చూసుకుంటూ కూర్చుంటే అన్యాయం జరిగిపోతుంది కదా" అని మీరు అడగవచ్చు. నిజమే, కొన్నిసార్లు ఆలస్యం కూడా ద్రోహమే. కళ్లెదుట ఎవరినైనా కొడుతుంటే పుస్తకం తిరగేయనక్కరలేదు, అడ్డుపడాలి. కాని ఫోన్‌లో వచ్చినది కళ్లెదుటిది కాదు. దానికి ఒక పూట ఆగవచ్చు. ఆ పూటలో మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది ఎప్పటిది, ఎక్కడిది? దీనికి ముందు, తరువాత ఏం జరిగింది? వీడియోలో ఉన్నవాడు నాకు గిట్టనివాడైతే కూడా నాకు ఇదే కోపం వచ్చేదా? మూడవ ప్రశ్న కష్టమైనది. నేను ఓడిపోయింది దాని దగ్గరే. పంపినది అబద్ధమని తేలితే, పంపిన వారందరికీ మళ్లీ రాసి పొరపాటు చెప్పడం కూడా పశ్చాత్తాపంలో భాగమే.

ఆ ముగ్గురు పిల్లలు కోరిన ప్రసంగం నేను చేయలేదు. వచ్చే ఆదివారం ప్రసంగంలో, రాణాఘాట్ గురించి చెప్పవలసి ఉండీ చెప్పని మాట చెప్పబోతున్నాను. పూజ అయ్యాక ఆ ముగ్గురినీ, ఆ కానిస్టేబులునూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి టీ ఇప్పిస్తాను. వారు తనను అడగవలసినవి చాలా ఉన్నాయి. తనూ వారికి చెప్పవలసినవి ఉన్నాయి. వాళ్లమ్మాయిని కూడా వెంటబెట్టుకు రమ్మని చెప్పాను.