సంచిలోని రెండవ రాయి

సూరతు పట్టణమందలి మహీధర్‌పురా వజ్రాల బజారులో ప్రతిదినము జరుగు ఒక వ్యవహారము క్రొత్తవారికి ఆశ్చర్యము కలిగించును. వర్తకుడు తన వజ్రములను కాగితపు పొట్లములో మడిచి దలాలి చేతికిచ్చును. దలాలి అప్పటికి ఒక్క రూపాయియైనను చెల్లించియుండడు. సరుకు వివరము వ్రాసిన చీటీ యొకటి మాత్రముండును. దీనిని ‘జాంగడ్’ అందురు. అమ్ముడుపోవువరకు సరుకు ఇచ్చినవానిదే. అమ్ముడుపోనియెడల పొట్లము ఉన్నదున్నట్లు తిరిగి రావలెను. లోకములోని వజ్రములలో అధికభాగమునకు సానపట్టు పట్టణపు వర్తకము ఇట్లు మనుష్యుని మాటమీద నిలిచియున్నది.

వజ్రమును తూచు క్యారెట్టు 200 మిల్లీగ్రాములు. ఈ లెక్క 1907లో గాని స్థిరపడలేదు. అంతకుముందు అది నగర నగరమునకు వేరుగా నుండెను. మన దేశములోను 1956 నాటి తూనికలు కొలతల చట్టమునకు పూర్వము సేరును మణుగును ఊరూరికి మారుచుండెను. అందరికిని ఒకే తూనిక ఉండవలెనని మోషే ధర్మశాస్త్రము ఎంత ముందుగా చెప్పినదో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ఆ కాలమున తూనికలు నిజముగా రాళ్లే. తెలుగు బైబిలులో ‘తులము’ అని చదువుకొను షెకెలు తూకపు రాళ్లు, ఇంచుమించు 11 గ్రాములవి, యూదా దేశపు త్రవ్వకములలో దొరికినవి. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములోని ఆజ్ఞను నిదానించి చదివినయెడల ఒక విశేషము కనబడును. తప్పుగా తూచకుమని మాత్రమే అది చెప్పుటలేదు. పెద్ద రాయిని చిన్న రాయిని సంచిలో ఉంచుకొననే కూడదని చెప్పుచున్నది. ఇంకను వాడని రాయి దోషమెట్లగును? కొనుటకు పెద్దది, అమ్ముటకు చిన్నది. ఎరిగినవానికి ఒకటి, ఎరుగనివానికి మరియొకటి. ఎవరికి ఏది తీయవలెనో ఆ మనుష్యుడు ఇల్లు విడువకమునుపే నిశ్చయించుకొనియున్నాడు. బజారులో జరుగునది ఆ నిశ్చయము యొక్క నెరవేర్పు మాత్రమే.

నేడు సూరతు త్రాసులు మిల్లీగ్రాముకంటె తక్కువ తేడానైనను చూపగలవు. అయినను రెండవ రాయి పోలేదు. అది సంచి విడిచి నోటిలో చేరినది. ప్రయోగశాలలో పెంచిన వజ్రములు ఈ పట్టణములో విస్తారముగా తయారగుచున్నవి. అవియు కర్బనమే. గనినుండి వచ్చినవానికిని వీటికిని భేదము కంటికి తెలియదు, పరీక్షించుటకు యంత్రము కావలెను. ధరలో మాత్రము ఎంతో వ్యత్యాసమున్నది. వాటిని వాటి పేరుతోనే అమ్ముట న్యాయమైన వ్యాపారము. గని వజ్రముల పొట్లములో వాటిని కొన్ని కలిపి మాటలాడక ఊరకుండినవాడో? అతడు ఒక్క అబద్ధమును పలుకలేదు, ఎవరును అడుగలేదు గదా అనును. ఆమోసు ప్రవక్త గద్దించిన వర్తకులు తాలు గోధుమలను అమ్మినప్పుడు ఇట్టి సాకునే చెప్పియుందురు. కొనువాడును నిర్దోషియని తలంపకూడదు. సరుకు పనికిరాదని బేరమాడి, కొంతదూరము పోయిన తరువాత తన లాభమును చెప్పుకొని మురియువానిని సామెతల గ్రంథము 20వ అధ్యాయములో చూడవచ్చును.

సూరతులోని తెలుగువారిలో అనేకులకు వజ్రములకంటె మరమగ్గములే దగ్గర. తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు లింబాయత్, ఉధనా మొదలగు పేటలలో ఎంతోకాలముగా కాపురముండుచున్నవి. మగ్గముమీద పనివానికి చాలచోట్ల మీటరు లెక్కను కూలి. పండ్రెండు గంటల పాళి. ఇక్కడ రెండవ రాయి ఇరుప్రక్కలను దాగియుండగలదు. లోపమున్నదని కూలి కోసి, ఆ గుడ్డనే మంచి గుడ్డ ధరకు అమ్ము యజమానికి రెండు మీటరు బద్దలున్నవి. తెగిన పోగు కనబడకుండునట్లు మడత లోపలికి చుట్టిన పనివానికిని ఒక రాయి ఉన్నది. లేవీయకాండము 19వ అధ్యాయములో కూలివాని కూలి తెల్లవారువరకు బిగబట్టకూడదను ఆజ్ఞ, బీదవానికి గాని గొప్పవానికి గాని పక్షపాతము చూపకూడదను ఆజ్ఞ, తూనికలను గూర్చిన ఆజ్ఞ, మూడును ఉన్నవి. అయితే ఈ రెండు దోషములు సమానమనుట న్యాయము కాదు. ఒకడు లాభము పెంచుకొనుటకు చేసెను, మరియొకడు బియ్యపు ఖర్చు తగ్గునేమోయని చేసెను. యాకోబు తన పత్రికలో బిగబట్టబడిన కూలియే మొఱ్ఱపెట్టుచున్నదని వ్రాసినప్పుడు ధనవంతులతోనే మాటలాడెను.

నిజము చెప్పిన వ్యాపారము సాగదని అనేకులు చెప్పుదురు. కొన్ని దినములలో అది వాస్తవమే. 15వ కీర్తన దీనిని దాచదు. దేవుని గుడారములో నివసింపదగినవాడు మాట యిచ్చి నష్టము వచ్చినను మాట తప్పనివాడట. నష్టము రాదని ఆ కీర్తన చెప్పలేదు. తన గుడ్డ మడతను తానే విప్పి తెగిన పోగును చూపిన నేతగాని లెక్కలో ఆ దినము కొన్ని మీటర్లు కొట్టివేయబడును. యజమాని మెచ్చుకొనకపోవచ్చును. ఆ నెల కరీంనగరు జిల్లాలోని తల్లికి చేరు సొమ్ము ఆ మేరకు తగ్గును. ఎందుకు తగ్గినదో ఆమెకు తెలియజెప్పవలసిన పనియు అతనిదే.