ముందొచ్చిన మాట

నాన్నకి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, వాటితోపాటే మాటా పడిపోయింది. శరీరంలో కుడి సగాన్ని నడిపేది మెదడులోని ఎడమ సగం. చాలామందికి మాట పుట్టే చోటూ అటే. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా, మాట పోయి చనిపోయిన ఒక రోగి మెదడును పరీక్షించి ఆ చోటు చూపించాడు. నాన్నకి చెప్పింది చాలావరకు అర్థమవుతుంది, బదులు మాత్రం నోటికి రాదు. డాక్టర్లు దీన్ని అఫేసియా అంటారు.

మాది యానాం. నాన్న ఉద్యోగరీత్యా పుదుచ్చేరి వచ్చి పిళ్ళైచావడిలో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అమ్మ రోజూ మంచం పక్కన కూర్చుని, "నన్నేమని పిలుస్తారో ఒక్కసారి పిలవండి" అనేది. ఆయన పెదవులు కదిలి ఆగిపోయేవి. ఒక ఉదయం చేపల గంపతో వాకిట్లోకొచ్చినామెను చూసి "వాంగమ్మా" అన్నారు, తమిళంలో రండమ్మా అని, స్పష్టంగా. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ లోపలికెళ్ళిపోయింది. అది సంతోషమే. కానీ సంతోషం ఒక్కటే కాదు.

రెండు భాషలవాళ్ళకి ఏది ముందు తిరిగొస్తుందన్న ప్రశ్న పాతదే. చిన్నప్పుడు నేర్చిందే చివరిదాకా నిలుస్తుందని 1881లో ఫ్రెంచి తాత్త్వికుడు రిబో రాశాడు. జబ్బుకి ముందు ఎక్కువగా వాడుకలో ఉన్నదే ముందు తేరుకుంటుందని 1895లో బోర్డో వైద్యుడు పీత్ర్ అన్నాడు. ఆ తర్వాతి రోగుల్లో రెండు రకాలవాళ్ళూ కనిపించారు, రెండు భాషలూ సమంగా తేరుకున్నవాళ్ళూ ఉన్నారు. పైగా నోటికి అలవాటైన పలకరింపులు, అంకెలు, పాటలు, తిట్లు, ఆలోచించి చెప్పే మాటకన్నా తేలిగ్గా వస్తాయి. కాబట్టి ఆ "వాంగమ్మా"తో ఎవరి మీదా ప్రేమను తూచలేం.

ఇదంతా తెలిసినా మనసు ఊరుకోదు. ఆయన కోలుకోవడమంటే మా దృష్టిలో మళ్ళీ మా నాన్న కావడం. కానీ ఆయన ఈ ఊరి మనిషి కూడా. అలలు కోసేసిన తీరం దగ్గర, అడ్డుగా వేసిన బండరాళ్ళ మీద కూర్చుని పడవలవాళ్ళతో సాయంత్రాలు గడిపిన మనిషి. ఆ కబుర్లలో మాకు భాగం లేదు. తినిపించడం, ఒళ్ళు తుడవడం మేం త్వరగానే నేర్చుకున్నాం. ఆయన మీద మాకే హక్కుందన్న పట్టు సడలించుకోవడం వాటికన్నా కష్టమైన సేవ అని నేననుకుంటున్నాను. మాట కోసం ఆయన వెతుక్కుంటుంటే మనం అందించకుండా ఆగడమూ అందులో భాగమే. అందించిన ప్రతిసారీ ఆయన పని మనం లాక్కున్నట్టే. పడిపోయిన చేతినీ వాడనివ్వకుండా అన్నీ మనమే చేసిపెడితే అది ఇంకా వెనకబడుతుంది.

మంచం వరండాలోకి మార్చాం. దారినపోయేవాళ్ళు ఆగి పలకరిస్తారు. ఇక్కడ స్పీచ్ థెరపీ తమిళంలో జరగడం సహజం. అయితే మనిషి ఎవరితో ఏ భాషలో బతికాడో థెరపిస్టుకి మొదట్లోనే చెప్పాలి. ఆ జాబితా అమ్మే రాసిచ్చింది: పిల్లలతో తెలుగు, చేపలామెతో తమిళం, డబ్బు లెక్కపెట్టేటప్పుడు తమిళం, కోపమొస్తే తెలుగు.