ఏ కాలు ముందు?

స్నోబోర్డు నేర్పేవాళ్ళు మొదటి రోజు ఒక చిన్న పరీక్ష పెడతారు. మనల్ని నిటారుగా నిలబెట్టి, చెప్పాపెట్టకుండా వెనకనుంచి ఒక తోపు తోస్తారు. పడిపోకుండా ఏ కాలు ముందుకేస్తామో ఆ కాలే బోర్డు మీద ముందుండాలని లెక్క. ఎడమకాలైతే రెగ్యులర్, కుడికాలైతే గూఫీ. కొత్త కోడల్ని కుడికాలు ముందు పెట్టి రమ్మనే ఊళ్ళనుంచి వచ్చినవాణ్ణి కదా, కుడికాలిని పట్టుకుని గూఫీ అనడం కాస్త కష్టంగానే అనిపించింది. నాకు మాత్రం ఎడమకాలే పడింది.

నేనుండేది సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో. ఐ-90 మీద గంట వెళ్తే స్నోక్వాల్మీ కనుమ. మూడు చలికాలాలు అద్దె బోర్డులతో గడిపి, ఇక సొంతది కొనుక్కుందామని ఒక షాపుకెళ్ళాను. అక్కడ చేతికి ఒక ఫారం ఇచ్చారు. బూటు సైజు, బరువు, ఎత్తు. వాటికి జవాబులున్నాయి. బోర్డు మరీ సన్నగా ఉంటే బూటు వేళ్ళు మంచుకి తగిలి పడిపోతాం, ఇందులో వాదనేం లేదు. నాలుగో ప్రశ్న: మీరు ఎలాంటి రైడర్?

నిజాయితీగా చెప్పాలంటే, నేనింకా ఎలాంటి రైడర్నీ కాను. కానీ ఆ గడి లేదు. ఎప్పుడూ ఎడమకాలు ముందే, కొండ మీదనుంచి తిన్నగా కిందికి, గెంతడాలూ తిరగడాలూ లేవు. అదే రాశాను. 'అయితే మీకు డైరెక్షనల్ సరిపోతుంది' అన్నాడు కుర్రాడు.

బోర్డు ఆకారాల్లో స్థూలంగా రెండు కుటుంబాలు. ట్విన్ అంటే ముక్కూ తోకా ఒకే కొలత, ఒకే మెత్తదనం; బైండింగులు సరిగ్గా నడుమకి సమానంగా. ఎటు తిప్పినా అదే బోర్డు. డైరెక్షనల్‌కి ముందూ వెనకా ఉన్నాయి. ముక్కు పొడుగు, తోక పొట్టి, తరచు కాస్త బిగువు. కాళ్ళు నడుమకి కొంచెం వెనగ్గా. కొన్నింటికి తోక ముక్కుకంటే సన్నగా చెక్కి ఉంటుంది. మోకాల్లోతు మెత్తటి మంచులో తోక మునిగి ముక్కు తేలాలి, లేకపోతే బోర్డు మంచులోకి పొడుచుకుపోతుంది. (మా కాస్కేడ్ కొండల తడి మంచుని ఇక్కడివాళ్ళు కాంక్రీట్ అంటారు. అందులో తేలడం వేరే కథ.) ఇవి కాక క్యాంబర్, రాకర్ అని నడుము వంపులు. 1965లో మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన కూతుళ్ళ కోసం రెండు స్కీలు కలిపి బిగించి స్నర్ఫర్ చేసినప్పుడు ఇవేం లేవు. ఆ పిల్లల్ని మీ స్టైలేంటని ఎవరూ అడిగి ఉండరు.

'సరిపోతుంది' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఆ మాట నేను మొదట విన్నది మామిడితోటలో.

మా తాతయ్య తోట నూజివీడు దగ్గర, ఆగిరిపల్లి వైపు. ఎక్కువ చిన్నరసాలు, కొన్ని బంగినపల్లి, గట్టు మీద కలెక్టరు చెట్లు. కోతల రోజుల్లో పొడుగాటి వెదురు గెడకి చిక్కం కట్టి, కాయని తొడిమతో సహా చిక్కంలోకి లాగాలి. తొడిమ ఊడితే సొన కారుతుంది, కాయ మీద పడితే మచ్చ, ఒంటి మీద పడితే బొబ్బ. పనికొచ్చేవాళ్ళ అబ్బాయొకడు నా ఈడువాడే. వాడి చేతికి గెడ, నా చేతికి గంపల లెక్క రాసే పుస్తకం. ఒకసారి పట్టుబట్టి గెడ తీసుకున్నాను. మొదటి కాయకే సొన చెంప మీద పడింది. తాతయ్య కొబ్బరినూనె రాసి, 'నీకిది సరిపడదు నాన్నా, నువ్వు లెక్క చూసుకో' అన్నారు. నిజంగా ప్రేమగానే అన్నారు.

వాడి మెడ మీద సొన మచ్చలు నాలుగైదు ఉండేవి. వాడికి సరిపడిందా అని ఎవరూ అడగలేదు.

ఒకరోజు సాయంత్రం నేను నలభైఒక్క గంపలని చదివితే, చెట్టు కిందనుంచి వాడు 'నలభై మూడు' అన్నాడు. మళ్ళీ లెక్కపెడితే నలభై మూడే. కాయలు కోస్తూనే లెక్క మనసులో పెట్టుకున్నాడు. అందరూ నవ్వారు, 'వీడి బుర్ర చూడండ్రా' అని తాతయ్య మెచ్చుకున్నారు. మర్నాడు మళ్ళీ వాడి చేతికి గెడే ఇచ్చారు. పుస్తకం నాకే వచ్చింది. నేను తీసుకున్నాను. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా నన్ను గుచ్చేది ఆ తీసుకోవడమే. గీతలో స్వధర్మం అన్న మాట ఎదురైనప్పుడల్లా నాకు ఆ గెడా, ఆ పుస్తకమూ గుర్తొస్తాయి.

ఇళ్ళు కట్టగా కట్టగా మేస్త్రీ అవుతాడు, ధైర్యం చూపగా చూపగా ధైర్యవంతుడవుతాడని అరిస్టాటిల్ వాదన. మరి చేతిలో ఏం పెడితే అదే అవుతామన్నప్పుడు, అవకముందే నీకేది సరిపోతుందో ఎలా తెలుస్తుంది? నిన్నటిదాకా చేసింది చూసి రేపటిది చెప్తారు. ఆఫీసులో నేను రాసే కోడ్ పని కూడా అదే. మీరు ఇవి చూశారు కాబట్టి ఇవీ నచ్చవచ్చు. కొన్నాళ్ళకి ఆ ఊహ నిజమవుతుంది, ఎందుకంటే ఇంకేదీ కళ్ళముందు పెట్టం.

అవతలి పక్షం కూడా చెప్పాలి. స్నోబోర్డు మొదలెట్టినవాళ్ళు ఎక్కువగా విరగ్గొట్టుకునేది మణికట్టు. బిగుసుకుపోయిన బోర్డు కొత్తవాడి చేతిలో పెట్టి 'ఎదుగు' అనడం క్రూరత్వం. తాతయ్య నా చెంప చూసి గెడ తీసేసుకోవడంలో తప్పేముంది? కొలతలు కరుణే. నా అభ్యంతరం కొలత మీద కాదు, ఎవరిని కొలుస్తున్నాం, ఎవరిని కొలవకుండానే తేల్చేస్తున్నాం అన్నదాని మీద. ఇంకోటి, నచ్చకపోతే రెండో బోర్డు కొనుక్కోగలగడం ఈ చర్చ మొత్తానికి పెట్టుబడి. వాడికి రెండో గెడ కూడా లేదు.

డైరెక్షనల్ కొన్నాను. రెండేళ్ళు హాయిగా నడిచింది, అబద్ధమెందుకు. తర్వాత కుడికాలు ముందు పెట్టి దిగుదామని చూస్తే ప్రతిసారీ పడ్డాను. దాంతో అలా దిగలేమని కాదు, ఆ బోర్డుకి అది ఇష్టం లేదు. పోయిన చలికాలం ఎవరో వాడేసిన ట్విన్ ఒకటి కొన్నాను. పసిపిల్లల వాలు మీద, ఆరేళ్ళ పిల్లలు పక్కనుంచి జారిపోతుంటే, గూఫీగా దొర్లుతున్నాను. ఇంకా రాలేదు.

మొన్న వేసవిలో ఊరెళ్ళాను. వాడిప్పుడు సీజన్లో తోటలు కౌలుకి పడుతున్నాడు, మిగతా రోజులు ట్రాక్టరు. గట్టు మీద కూర్చుని ఫోన్లో నా బోర్డు ఫొటో చూపించాను. రెండు వేళ్ళతో పెద్దది చేసి ఆ కొసా ఈ కొసా చూశాడు.

"దీనికి ముందేది, వెనకేది?"

"రెండూ ఒకటేరా."

"మరి ఎటు పోవాలో దానికెట్టా తెలుసుద్ది?" అన్నాడు.