జెండా ప్రాజెక్టు

పంద్రాగస్టు దగ్గరపడుతుంటే చాలా బడుల్లో పిల్లలకు ఒక ప్రాజెక్టు ఇస్తారు: మన జెండా చరిత్ర. ఫోనులో వెతికితే, ఇప్పుడు మనం ఎగరేసే జెండానే పింగళి వెంకయ్యగారు 1921లో బెజవాడలో గాంధీజీకి అందించారని ఎన్నోచోట్ల కనిపిస్తుంది. చాలాచోట్ల అదే వాక్యం, అవే అచ్చుతప్పులు. అది పదిమంది సాక్ష్యం కాదు. ఒకరిని చూసి ఒకరు ఎక్కించిన రాత.

అసలు కాగితాలు చూద్దాం. 1921 ఏప్రిల్‌లో 'యంగ్ ఇండియా'లో గాంధీజీయే జెండా గురించి రాశారు. బందరు జాతీయ కళాశాల వెంకయ్యగారి పేరు, అంతకుముందే ఆయన జెండాల మీద వేసిన చిన్న పుస్తకం సంగతి అందులో ఉన్నాయి. అప్పటి జెండా మీద ఉన్నది రాట్నం. అశోకచక్రం ఉన్న జెండాను రాజ్యాంగ సభ ఆమోదించింది 1947 జూలై 22న. ఆనాటి చర్చలు నెట్‌లోనే చదువుకోవచ్చు. ఇవి చదివితే వెంకయ్యగారి మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. దేశానికో జెండా కావాలని అంత ముందుగా తపించిన మనిషి ఆయన!

అమ్మానాన్నలూ, ఈసారి పిల్లల పక్కన కాసేపు కూర్చోండి. ఇది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎక్కడినుంచి తీసుకున్నారు అని వాళ్లచేతే వెతికించండి. వికీపీడియా అయితే పేజీ అడుగున ఉన్న మూలాలు తెరిపించండి.